గోథిక్ కెథడ్రళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోథిక్ చర్చిల గురించి అడిగేవాళ్ళ సందేహాలు తిరిగి తిరిగి అవే. అంత ఎత్తు ఎలా లేపారు, గోడంతా అద్దమైతే బరువు దేనిమీద పడుతోంది, వందల ఏళ్ళు ఎందుకు పట్టింది? అందుకే ప్రశ్నల్ని పని సాగే వరుసలో పేర్చి పెట్టాం. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఆ జవాబు అక్కడికక్కడే పూర్తవుతుంది. ఊరికే "ఎత్తు" అని రాసినచోట నేల నుంచి లోపలి రాతికప్పు దాకా అని అర్థం.

## ముందుగా తేల్చుకోవలసినవి

కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అనేనా?

కాదు. బిషప్ పీఠం ఉన్న చర్చిని కెథడ్రల్ అంటారు. లాటిన్‌లో "కెథడ్రా" అంటే కుర్చీ. సైజుతో సంబంధం లేదు. పారిస్‌లోని సెంట్ షాపెల్ ఎంత అందమైనదైనా అది ఫ్రాన్స్ రాజు 9వ లూయీ సొంత ప్రార్థనామందిరం, కెథడ్రల్ కాదు. గోథిక్‌కి పుట్టిల్లయిన సెయింట్ డెనీ కూడా అప్పట్లో సన్యాసుల మఠమే. దానికి కెథడ్రల్ హోదా 1966లో వచ్చింది.

గోథిక్ అంటే గోత్ జాతివాళ్ళు కట్టారనా?

గోత్‌లకు దీంతో ఏ సంబంధమూ లేదు. రోమ్‌ను కొల్లగొట్టిన గోత్‌ల కాలానికీ ఈ కట్టడాలకూ మధ్య 700 ఏళ్ళ దూరం ఉంది. 16వ శతాబ్దపు ఇటలీ రచయితలకు ప్రాచీన రోమన్ పద్ధతే గొప్ప. మధ్యయుగపు కట్టడాలను "అనాగరికుల పని" అని తీసిపారేస్తూ వాళ్ళు అంటించిన పేరిది. కట్టినవాళ్ళ కాలంలో జర్మనీలో దీన్ని "ఫ్రెంచివాళ్ళ పని" అన్న దాఖలా ఉంది. ఆ పేరే సరైనదని మా అభిప్రాయం.

మొట్టమొదటి గోథిక్ కట్టడం ఏది?

పారిస్ పక్కనున్న సెయింట్ డెనీ మఠం చర్చి తూర్పు భాగం అని చెప్పడం ఆనవాయితీ. మఠాధిపతి సూజే 1140లో మొదలుపెట్టించగా 1144 జూన్ 11న ప్రతిష్ఠ జరిగింది. అయితే విడి భాగాలు అంతకుముందే ఉన్నాయి. ఇంగ్లండులోని డరమ్ కెథడ్రల్‌కు 1093లో పునాది పడింది, అక్కడి కప్పుల్లో రాతి రిబ్బులు (కప్పు వంపులు కలిసే అంచుల వెంట సాగే రాతి పట్టీలు) ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠంలో మొనదేలిన కమానులు అప్పటికే వాడారు. సెయింట్ డెనీలో కొత్తదేమిటంటే, ఈ భాగాలన్నీ ఒకచోట చేరి గోడ పలచబడి, వెలుతురు లోపలిదాకా రావడం. అదే రోజుల్లో మొదలైన సాన్స్ కెథడ్రల్ కూడా ఈ తొలి వరుసలోదే.

చార్మినార్ కమానులు కూడా మొనదేలినవే కదా, అదీ గోథిక్కేనా?

కాదు. మొనదేలిన కమాను యూరప్ కనిపెట్టింది కాదు. కైరోలో 879లో పూర్తయిన ఇబ్న్ తులూన్ మసీదులో అవి బారులు బారులుగా ఉన్నాయి. చార్మినార్‌కు ఆ ఆకారం పర్షియా, దక్కన్ సుల్తానుల మార్గంలో వచ్చింది. కమాను ఆకారం ఒక్కటే చూసి గోథిక్ అనలేం. రిబ్బుల కప్పు, బయటి ఊత కమానులు, పెద్ద కిటికీలు, ఇవన్నీ కలిసి ఒకే అస్థిపంజరంలా పనిచేస్తే గోథిక్.

## బరువు ఎటు పోతుంది

గుండ్రటి కమాను చాలదా? మొన ఎందుకు?

10 మీటర్ల చదరపు గది (నాలుగు స్తంభాల నడుమ జాగా) ఒకటి తీసుకోండి. నాలుగు వైపులా అర్ధవృత్తపు కమానులు వేస్తే వాటి ఎత్తు 5 మీటర్లు. మూల నుంచి మూలకు దూరం 14.14 మీటర్లు కాబట్టి అక్కడి అర్ధవృత్తం 7.07 మీటర్లు లేస్తుంది. కప్పు నడుమ రెండు మీటర్లు ఉబ్బిపోతుంది. గది దీర్ఘచతురస్రమైతే మూడు రకాల ఎత్తులొచ్చి తంటా ఇంకా పెరుగుతుంది. అర్ధవృత్తంలో వెడల్పు చెబితే ఎత్తు దానంతటదే ఖాయమైపోతుంది, మనచేతిలో ఉండదు. మొనదేలిన కమానులో రెండు చాపాల కేంద్రాలను దగ్గరకో దూరంగానో జరిపితే చాలు, ఏ వెడల్పుకైనా కావలసిన ఎత్తు వస్తుంది. పైగా కమాను నిటారుగా ఉన్నకొద్దీ పక్కకు తోసే బలం తగ్గుతుంది.

రిబ్బులు కప్పును మోస్తాయా, అలంకారమా?

కట్టేటప్పుడు తప్పకుండా మోస్తాయి. రిబ్బులు ముందు నిలబడితే, వాటి నడుమ పలచటి రాతి పొరను కొద్దిపాటి చెక్క సాయంతో నింపుకుంటూ పోవచ్చు. సున్నం గట్టిపడ్డాక మాత్రం బరువు ఎక్కువభాగం ఆ పొర వంపులోంచే పోగలదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి దెబ్బలకు కొన్నిచోట్ల రిబ్బులు రాలిపోయినా పైపొర నిలిచే ఉంది. దాంతో ఈ చర్చ గట్టిగా మొదలైంది. రిబ్బుకు ఇంకో మేలు కూడా ఉంది. రెండు వంపులు కలిసే అంచు దగ్గర రాళ్ళను ఖచ్చితమైన కోణంలో చెక్కడం మహా కష్టం. ఆ అతుకును రిబ్బు కప్పేస్తుంది.

ఫ్లయింగ్ బట్రెస్ (బయటి ఊత కమాను) అసలు ఏం చేస్తుంది?

రాతికప్పు తన బరువుతో కిందికి నొక్కడమే కాదు, గోడను బయటికి తోస్తుంది కూడా. ఈ పక్కతోపుతోనే చిక్కంతా. పాత పద్ధతిలో గోడనే రెండు మూడు మీటర్ల మందం కట్టి ఆపేవాళ్ళు, కిటికీలు చిన్నవయ్యేవి. ఫ్లయింగ్ బట్రెస్ ఆ తోపును పక్కమందిరం కప్పు మీదుగా, గాలిలో వేసిన వాలు కమానులోంచి, బయట విడిగా నిలబెట్టిన బరువైన రాతి స్తంభానికి చేరవేస్తుంది. అక్కడినుంచి అది నేలలోకి దిగుతుంది. గోడకు మోసే పని తప్పింది కాబట్టి దాన్ని తీసేసి అద్దం పెట్టుకోవచ్చు.

పెద్ద కెథడ్రళ్ళలో ఒకదానిమీద ఒకటిగా రెండేసి కమానులు కనిపిస్తాయి. కింది కమాను రాతికప్పు తోపును అందుకుంటుంది. పైది నిటారు చెక్క కప్పు మీద పడే గాలి ఒత్తిడికి. కమాను తగిలే చోటు ముఖ్యం. కప్పు మొదలైన స్థానానికి కాస్త పైన, వంపు దిగువ భాగంలో తోపు గోడను తాకుతుంది. ఊత మరీ పైన పెడితే గోడ కింది భాగం బయటికి ఉబ్బుతుంది, మరీ కింద పెడితే పైభాగం ఒరుగుతుంది. పారిస్‌లోని నోట్రె డామ్ కెథడ్రల్‌లో ఇవి 1180 ప్రాంతంలోనే ఉన్నాయన్నది బలమైన వాదన.

బయటి స్తంభాల మీద ఆ చిన్న మొనలు అందానికేనా?

అందమూ ఉంది, పనీ ఉంది. ఊత కమాను తోపు తగిలేచోట స్తంభం పైరాళ్ళు పక్కకు జారిపోయే ప్రమాదం ఉంది. నెత్తిన నాలుగు రాళ్ళు అదనంగా పెడితే ఆ బరువుకు అవి కదలవు. మొత్తం స్తంభం లెక్కలో ఈ బరువు కొద్దిదే.

ఇదంతా రాయీ సున్నమేనా, ఇనుము వాడలేదా?

వాడారు, అదీ మొదటినుంచీ. 2019 అగ్నిప్రమాదం తర్వాత పరిశోధకులు నోట్రె డామ్ గోడల్లో 1160ల నాటి ఇనుప కొక్కేల వరుసలు చూశారు. పక్కపక్క రాళ్ళలో గాడి తవ్వి, కొక్కెం దింపి, కరిగిన సీసం పోసేవాళ్ళు. సీసం గాడిని నింపి ఇనుము కదలకుండా పట్టుకుంటుంది, నీటిని కొంత ఆపుతుంది. సీసం సరిగా నిండనిచోట ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీల్చేస్తుంది. ఫ్రాన్స్‌లోని అమియెన్స్ కెథడ్రల్‌లో స్తంభాలు ఒరుగుతున్నాయని 15వ శతాబ్దం చివర్లో గోడ నడిమి అంతస్తు చుట్టూ ఇనుప గొలుసు బిగించారు. అది ఇప్పటికీ ఉంది.

రాతికప్పు ఉండగా పైన మళ్ళీ చెక్క కప్పు ఎందుకు?

రాతికప్పు వాన ఆపలేదు. అతుకుల్లోకి నీరు దిగితే సున్నం కొట్టుకుపోతుంది. అందుకే పైన ఓక్ దూలాలు, వాటిమీద సీసపు రేకులు లేదా పలకలు. చెక్క కప్పు వానను, రాతికప్పు మంటను ఆపుతాయి. రెండూ ఒకదానికొకటి కాపలా.

## పని జరిగే తీరు

స్ట్రక్చరల్ లెక్కలు తెలియకుండా ఎలా కట్టారు?

బలాల లెక్క లేదు, రేఖాగణితం ఉంది. ప్రధాన మేస్త్రి చేతిలో పెద్ద వృత్తలేఖిని, మూలమట్టం, కొలకర్ర. 1263లో చనిపోయిన మేస్త్రి హ్యూగ్ లిబర్జియే సమాధి పలక ఫ్రాన్స్‌లోని రైమ్స్ కెథడ్రల్‌లో ఉంది. ఆ పలక మీద ఈ మూడు పనిముట్లూ చెక్కారు, ఆయన చేతిలో తాను కట్టిన చర్చి నమూనా కూడా ఉంటుంది. చదరాన్ని మూలలుగా తిప్పి సగం చేయడం, స్తంభం మందాన్ని గది వెడల్పులో ఇంత వంతు అని పెట్టడం, ఇవీ వాళ్ళ సూత్రాలు. రాతి కట్టడంలో రాయి నలిగిపోవడం అరుదు. అది ఆకారం తప్పినప్పుడు కూలుతుంది. కాబట్టి నిష్పత్తి సరైనదైతే చిన్నదానికి పనికొచ్చింది పెద్దదానికీ చాలావరకు పనికొస్తుంది.

డ్రాయింగు అసలు సైజులో నేలమీదే గీసేవాళ్ళు. ఇంగ్లండులోని యార్క్, వెల్స్ కెథడ్రళ్ళలో గచ్చు పోసి గీతలు గీసిన గది నేలలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గీతల మీద పలచటి చెక్కలు కోసి అచ్చులు చేసి రాళ్ళు కొట్టేవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. అచ్చు ఒక్కటైతే పదిమంది కొట్టిన రాయీ ఒకేలా ఉంటుంది.

రాతికప్పును ఏ వరుసలో కట్టేవాళ్ళు?

చాలాచోట్ల చెక్క కప్పు ముందు పడేది. దాని నీడలో, దాని దూలాలకు కప్పీలు వేలాడదీసుకుని రాతికప్పు పని సాగేది. తర్వాతి క్రమం ఇలా:

1. రిబ్బుల మొదళ్ళు గోడలోంచి అడ్డంగా పరిచిన వరుసలుగానే బయటికి వస్తాయి. వీటికి సెంట్రింగ్ అక్కర్లేదు. వంపులో ఇంచుమించు మూడోవంతు ఇలాగే లేస్తుంది, దాంతో దాటాల్సిన దూరం తగ్గుతుంది.
2. ఆ ఎత్తులోనే చెక్క సెంట్రింగ్ కూర్చోబెడతారు. నేలనుంచి 35 మీటర్ల పరంజా లేపనక్కర్లేదు.
3. రెండు వైపులనుంచీ రిబ్బు రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి, నడుమ బరువైన చెక్కడపు రాయి దించుతారు. అన్ని రిబ్బుల మొదళ్ళూ సరైన కోణంలో ఆ రాతికే చెక్కి ఉంటాయి. దాని బరువు రిబ్బుల కొసలు పైకి లేవకుండా నొక్కి పడుతుంది.
4. రిబ్బునుంచి రిబ్బుకు చిన్న రాళ్ళ వరుసలు. ఈ పొర మందం 10 నుంచి 30 సెంటీమీటర్లు, అంతే.
5. కప్పు మొదళ్ళ వెనుక ఏర్పడే లోతైన గుంటలను రాళ్ళూ సున్నంతో సగం దాకా నింపుతారు. ఇది మరిస్తే వంపు నడుములో విరిగి బయటికి తన్నుకుంటుంది.
6. సున్నం పట్టుకున్నాక సెంట్రింగ్ కింది చీలలను కొద్దికొద్దిగా వదులు చేస్తారు.

తొందరపడి సెంట్రింగ్ తీస్తే పచ్చి సున్నం నలిగి రిబ్బు ఆకారం తప్పుతుంది. ఒక గదికి కప్పు వేసి పక్కగది ఖాళీగా వదిలినా స్తంభం అటువైపు ఒరుగుతుంది, అందుకే తాత్కాలికంగా చెక్క దూలాలతో స్తంభాలను కట్టి ఉంచేవాళ్ళు. అన్నీ సరిగా చేసినా గోడ పక్కన సన్నటి పగుళ్ళు వస్తాయి. గోడలు కొద్దిగా సర్దుకున్నాయని వాటి అర్థం, భయపడాల్సిందేమీ లేదు.

చలికాలం పని ఆపేవారట, ఎందుకు?

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెలలతరబడి గట్టిపడుతుంది. ఈలోగా మంచు పడితే అందులోని నీరు గడ్డకట్టి అతుకును పొడిపొడి చేస్తుంది. అందుకని శీతాకాలం ముందే గోడల తలలను గడ్డీ పేడతో కప్పేసేవాళ్ళు. రాళ్ళు చెక్కే పని మాత్రం షెడ్డుల్లో సాగేది.

పనిచేసినవాళ్ళు బానిసలా, భక్తులా?

కూలికి వచ్చిన పనివాళ్ళు. రోజుకూలీ ఉండేది, రాయికింత అనే లెక్కా ఉండేది. రాళ్ళమీద కనిపించే చిన్న గుర్తులు చాలావరకు ఎవరు కొట్టిన రాయి ఏదో తేల్చుకోవడానికి. భక్తులు బండ్లు లాగిన సందర్భాలు కొన్ని చరిత్రకెక్కాయి, కానీ రిబ్బు చెక్కడం భక్తితో వచ్చే విద్య కాదు. ప్రమాదాలు మేస్త్రినీ వదల్లేదు. 1174లో కాలిపోయిన ఇంగ్లండులోని కాంటర్‌బరీ కెథడ్రల్‌ను తిరిగి కడుతున్న సాన్స్ ఊరి విలియం 1178లో పరంజా మీదనుంచి పడ్డాడు. కొన్నాళ్ళు మంచంమీదనుంచే పని చెప్పి చివరికి స్వదేశం వెళ్ళిపోయాడు.

కట్టడానికి వందల ఏళ్ళు ఎందుకు పట్టింది?

అన్నిటికీ పట్టలేదు. ఇంగ్లండులోని సాలిస్‌బరీ కెథడ్రల్ ప్రధాన భాగం 1220 నుంచి 1258లోపు అయిపోయింది. 1194లో కాలిన ఫ్రాన్స్‌లోని షార్త్ర కెథడ్రల్‌కు పాతికేళ్ళు తిరిగేసరికి రాతికప్పు పడింది. డబ్బు ఆగితే పని ఆగేది, అసలు కారణం అది. రైమ్స్‌లో 1233లో పట్టణ ప్రజలు చర్చి అధికారుల మీద తిరగబడ్డారు, 1236 దాకా పని నిలిచిపోయింది. జర్మనీలోని కొలోన్ కెథడ్రల్ 1248లో మొదలై 16వ శతాబ్దంలో ఆగింది. అసంపూర్తి గోపురం మీద పాత క్రేను 1868 దాకా అలాగే నిలబడి ఉంది. 1842లో మళ్ళీ పని మొదలై, దొరికిన మధ్యయుగపు డ్రాయింగు ఆధారంగా 1880లో పూర్తయింది.

## అద్దాలు, నీళ్ళు

రంగు అద్దాలు ఎలా చేసేవాళ్ళు? రంగు వేసేవాళ్ళా?

రంగు గాజులోనే ఉంటుంది. 12వ శతాబ్దపు సన్యాసి థియోఫిలస్ చెప్పిన పాళ్ళు: బీచ్ చెట్టు బూడిద రెండు, ఇసుక ఒకటి. కోబాల్ట్‌తో నీలం, మాంగనీసుతో ఊదా, రాగితో ఎరుపు. ఎరుపు దగ్గర ఒక తిరకాసు ఉంది. రాగి ఎరుపు ఎంత చిక్కటిదంటే, మామూలు మందంలో పోస్తే గాజు నల్లగా కనిపిస్తుంది. కాబట్టి పలచటి ఎర్ర పొరను తెల్లగాజుతో కలిపి ఊదేవాళ్ళు. అంచు విరిగిన ముక్కను పక్కనుంచి చూస్తే ఎరుపు వెంట్రుకవాసి గీతల్లా కనిపిస్తుంది.

సున్నం పూసిన బల్లమీద బొమ్మ గీసి, కాల్చిన ఇనుముతో గాజును చీల్చి, అంచులు కొరికి సరిచేస్తారు. ముఖం, బట్టల మడతల గీతలకు లోహపు పొడీ గాజుపొడీ కలిపిన ముదురు రంగు పూసి కాలుస్తారు. ముక్కల్ని సీసపు పట్టీలతో కూర్చి, ఆ పలకలను ఇనుప చట్రానికి బిగిస్తారు. సీసం మెత్తన. ఇనుప కడ్డీలు లేకుంటే గాలికి పలక ఉబ్బి జారిపోతుంది. బూడిదలోని పొటాషియం ఎక్కువైన గాజును తడి తినేస్తుంది. పాత అద్దాల బయటివైపు కనిపించే గుంటలు అవే.

గార్గోయిల్ అంటే దెయ్యాల బొమ్మలా?

అవి వాన తూములు. కప్పునీరు ఊత కమాను వీపున ఉన్న కాలువలో దిగి, ఈ బొమ్మ నోట్లోంచి గోడకు దూరంగా పడుతుంది. గోడ వెంట పారితే సున్నం కరిగిపోతుంది. నోట్రె డామ్ ఫొటోల్లో చెంపకు చేతులాన్చి ఊరిని చూసే బొమ్మకు తూము లేదు. అది 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలే లె డ్యూక్ మరమ్మతులప్పుడు పెట్టింది.

## ఎదిగిన క్రమం

ఎత్తుకోసం పోటీ నిజంగా జరిగిందా?

అంకెలు చూస్తే కాదనలేం. ఫ్రాన్స్ కెథడ్రళ్ళలో సాన్స్ సుమారు 24 మీటర్లు, పారిస్ 33, షార్త్ర 37 లోపు, రైమ్స్ 38, అమియెన్స్ 42, బోవే 48. వందేళ్ళలో రెట్టింపు. కానీ ఎత్తుకన్నా పెద్ద మార్పు షార్త్రలో జరిగిందని మేమంటాం. అంతకుముందు లాన్‌లో, పారిస్‌లో లోపలి గోడ నాలుగు అంతస్తులు. ఊత కమాను మీద నమ్మకం కుదరగానే షార్త్ర మేస్త్రి నడిమి గ్యాలరీని తీసేశాడు. పైకిటికీలు కింది కమానులంత పొడుగయ్యాయి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఆ మూడంతస్తుల దారే పట్టారు.

కిటికీల్లో ఆ రాతి అల్లిక ఎప్పుడు మొదలైంది?

మొదట రాతి పలకలో రంధ్రాలు తొలిచేవాళ్ళు. 1211లో మొదలైన రైమ్స్‌లో సన్నటి రాతి కడ్డీలను కూర్చి అల్లే పద్ధతి వచ్చింది. 1248లో ప్రతిష్ఠ జరిగిన సెంట్ షాపెల్ నాటికి గోడ అంటూ మిగల్లేదు, సన్నటి కాళ్ళ నడుమ 15 మీటర్ల అద్దాలే.

ఇంగ్లండు గోథిక్ వేరా?

వేరు. ఎత్తుకన్నా పొడవు మీద, కప్పు అల్లిక మీద మోజు ఎక్కువ. గ్లౌస్టర్ మఠం నడవాల్లో 14వ శతాబ్దంలో విసనకర్ర ఆకారపు కప్పు వచ్చింది. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చాపెల్‌లో 1512 నుంచి 1515లోపు అదే పద్ధతిలో జాన్ వాస్టెల్ వేసిన కప్పు దాని పరాకాష్ఠ.

## కూలినవి, నిలిచినవి

బోవే ఎందుకు కూలింది? ఎత్తు ఎక్కువైనందుకేనా?

ఎత్తు ఒక్కటే కారణమైతే తిరిగి అదే ఎత్తులో కట్టింది ఇన్నేళ్ళు నిలిచేది కాదు. తూర్పు భాగం 1272లో పూర్తయింది, 1284లో కప్పు కూలింది. కచ్చితమైన కారణం మీద ఇంజినీర్లు ఇంకా వాదిస్తున్నారు. స్తంభాల మధ్య ఎడం ఎక్కువని కొందరు, బయటి సన్నటి ఊతలు గాలికి పగిలాయని కొందరు. మరమ్మతు చేసినవాళ్ళ నిర్ణయం మాత్రం కళ్ళముందే ఉంది. ప్రతి రెండు స్తంభాల నడుమా ఇంకోటి నిలబెట్టారు. ఒక గది రెండైంది. లోపల నిలబడి చూస్తే పాత పెద్ద కమాను లోపల ఇరుక్కున్న రెండు ఇరుకు కమానులు స్పష్టంగా కనిపిస్తాయి.

తర్వాతి తప్పు ఇంకా పెద్దది. పడమటి మందిరం (చర్చి పొడుగాటి ప్రధాన భాగం) కట్టకుండానే నడిమధ్య 153 మీటర్ల గోపురం లేపారు. 1569లో పూర్తయింది. పడమటివైపు ఆనడానికి ఏమీ లేదు. 1573లో క్రీస్తు ఆరోహణ పండుగనాడు జనం ఊరేగింపుగా బయటికి వెళ్ళాక కూలింది. పడమటి మందిరం ఈనాటికీ లేదు. లోపల చెక్కా ఉక్కుతో వేసిన ఊతలు సందర్శకులకు అడ్డంగా కనిపిస్తాయి, అవి ఉండాల్సిందే.

తర్వాత గోపురం ఎక్కించినవి ఎలా నిలిచాయి?

కష్టంగా. సాలిస్‌బరీలో 14వ శతాబ్దంలో ఎక్కించిన శిఖరం 123 మీటర్లు. అదనంగా పడిన బరువు సుమారు 6,500 టన్నులు. కింది నాలుగు స్తంభాలు వంగడం కంటికే కనిపిస్తుంది. వెల్స్‌లో గోపురం కుంగుతోందని 1338 తర్వాత స్తంభాల నడుమ కమాను మీద తలకిందుల కమాను పెట్టి, కత్తెర ఆకారంలో ఊత కట్టారు.

2019లో నోట్రె డామ్ కాలినా ఎందుకు కూలలేదు?

ఏప్రిల్ 15న ఓక్ దూలాల కప్పంతా కాలిపోయింది, సీసం కరిగింది. రాతికప్పు చాలావరకు ఆ బరువునూ వేడినీ తట్టుకుంది. శిఖరం పడినచోట, మరి ఒకటి రెండు చోట్ల మాత్రం బొక్కలు పడ్డాయి. ఊత కమానులకు అప్పుడే చెక్క సెంట్రింగ్ దూర్చి పెట్టారు. లోపలి కప్పు తోపు తగ్గితే బయటి ఊతలే గోడను లోపలికి నెట్టేస్తాయన్నది భయం. 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. దూలాలు మళ్ళీ ఓక్‌వే.

మెదక్ చర్చి గోథిక్కేనా?

పాత గోథిక్‌ను తర్వాతి కాలంలో అనుకరించిన గోథిక్ పునరుద్ధరణ శైలిలోది. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. గోపురం 175 అడుగులు. మధ్యయుగపు గోథిక్‌కూ దానికీ నాలుగు వందల ఏళ్ళ ఎడం. కానీ మెదక్ డయోసీస్ బిషప్ పీఠం అక్కడుంది కాబట్టి అది అచ్చమైన కెథడ్రల్.

చూడ్డానికి వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు బయట, తూర్పు కొసకు. ఊత కమానులు అక్కడ గుంపుగా కనిపిస్తాయి. ఒకదాన్ని ఎంచుకుని అది గోడను ఎక్కడ తాకుతుందో గుర్తుపెట్టుకోండి. లోపలికి వెళ్ళి అదే చోటును వెతికితే కప్పు మొదలయ్యే స్థానానికి దగ్గర్లోనే ఉంటుంది. చిన్న బైనాక్యులర్ ఉంటే కప్పు నడుమ చెక్కడపు రాళ్ళు, అద్దాల మీది గీతలు తెలుస్తాయి. కథల కిటికీలను చాలావరకు కిందనుంచి పైకి చదవాలి. తూర్పు అద్దాలకు పొద్దున, పడమటి గులాబీ కిటికీకి (గుండ్రటి పెద్ద కిటికీ) సాయంత్రం వెళ్ళండి.